వరదకు పాడైన వైరింగు ఖర్చు అద్దెకున్నవాళ్ల మీద పడుతుందా?

ప్రశ్న: విజయవాడ సింగ్‌నగర్‌లో 2019 నుంచి ఒక షాపు అద్దెకు తీసుకుని మా ఆయనా నేనూ టిఫిన్ హోటలు నడిపాం. ఇప్పుడు అద్దె నెలకు 25,000. అడ్వాన్సు లక్షన్నర ఇచ్చాం. మొదట్లో వంద రూపాయల స్టాంపు పేపరు మీద పదకొండు నెలలకు అగ్రిమెంటు రాసుకున్నాం. ఆ తర్వాత మళ్లీ రాసుకోలేదు, అద్దె మాత్రం పెంచినప్పుడల్లా పెంచి కట్టాం. అగ్రిమెంటులో 'షాపును తీసుకున్న స్థితిలోనే తిరిగి అప్పగించవలెను' అని ఒక లైను ఉంది. నెల రోజుల ముందు ఫోనులో చెప్పి, సామాను వేరేచోటికి మార్చుకున్నాం. ఇప్పుడు ఓనరు గారు ఒక లిస్టు పంపారు. రంగులు 45,000. వైరింగు, మీటరు బోర్డు 60,000. షట్టరు 28,000. వంటగది టైల్స్ 35,000. మేం తీయించిన మధ్యగోడ మళ్లీ కట్టడానికి, ఎగ్జాస్టు ఫ్యాను కోసం కొట్టిన రంధ్రం పూడ్చడానికి 40,000. డ్రైనేజీ పైపు 18,000. 2024లో బుడమేరు వరద వచ్చినప్పుడు మేం కట్టని సెప్టెంబరు అద్దె 25,000. మొత్తం 2,51,000. అడ్వాన్సు పోను ఇంకో లక్షా వెయ్యి కడితేగాని తాళాలు తీసుకోనని, అప్పటిదాకా నెలనెలా అద్దె పడుతూనే ఉంటుందని అంటున్నారు. వైరింగు, షట్టరు వరద నీళ్లకే పాడయ్యాయి. వరద తర్వాత పని నడవాలి కదా అని మేమే 30,000 పెట్టి కొంత వైరింగు చేయించాం. అప్పుడు ఆయన 'మీరు చేయించుకోండి, తర్వాత లెక్క చూసుకుందాం' అని వాట్సాప్‌లో రాశారు. గోడ తీయించేటప్పుడు ఆయన వచ్చి చూశారు కూడా, కానీ కాగితం ఏమీ లేదు. మా అడ్వాన్సు మొత్తం మాకు వస్తుందా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: అమ్మా, మొత్తం రాదు. అలాగని ఆయన అడిగిన లక్షా వెయ్యి మీరు కట్టే పనీ లేదు. లిస్టులో ఏడు పద్దులున్నాయి. వాటిని ఒకే ముద్దగా పెట్టుకుని వాదించుకుంటే మీ ఇద్దరికీ ఎప్పటికీ తెగదు. ఒక్కో పద్దు దగ్గర ఆగి, ఇది ఎందువల్ల పాడైందని అడగాలి. వాడకం వల్లా, వరద వల్లా, మీ పనివాళ్ల చేతుల్లోనా? డబ్బు ఎవరు పెట్టుకోవాలన్నది ఆ జవాబును బట్టే తేలుతుంది.

లెక్కల్లోకి వెళ్లేముందు తాళాల సంగతి తేల్చుకోండి, అది ఇవాళే చేయాల్సిన పని. మీరు ఫోనులో చెప్పానన్నారు. ఆస్తి బదిలీ చట్టం, 1882లోని సెక్షన్ 106 మాత్రం రాతపూర్వకంగా, సంతకంతో నోటీసు ఇవ్వాలంటుంది. నెలవారీ అద్దెకు 15 రోజుల గడువు చాలు. కాబట్టి ఫలానా తేదీకి షాపు పూర్తిగా ఖాళీ చేసి అప్పగిస్తున్నాం, ఆ రోజు ఫలానా సమయానికి వచ్చి చూసుకుని తాళాలు తీసుకోండి అని తెల్లకాగితం మీద రాసి, సంతకం పెట్టి, అక్‌నాలెడ్జ్‌మెంటుతో పోస్టులో పంపండి. దాని ఫొటో వాట్సాప్‌లోనూ పెట్టండి. ఆ గడువు తాలూకు సగం నెల అద్దె మీ ఖాతాలో పడితే పడనివ్వండి. ఆ తర్వాత కూడా ఆయన తాళాలు తీసుకోకపోతే తప్పు ఆయన వైపుకు వెళుతుంది. రాతలో ఏమీ లేకుండా ఇలాగే నాన్చితే నెలకు పాతిక వేల చొప్పున మీకే పెరుగుతుంది. నష్టం లెక్క తేలేదాకా స్వాధీనం తీసుకోనని చెప్పే హక్కు ఓనరుకు లేదు. ఆయన నష్టం ఆయన వేరుగా అడగవచ్చు.

తాళాలు ఇంకా మీ చేతిలో ఉండటం ఒకందుకు మంచిదే. అప్పగించేలోపు మీకు తెలిసిన మేస్త్రీనో సివిల్ ఇంజనీరునో తీసుకెళ్లి, ప్రతి గోడా, ప్రతి టైలూ చూపించి సొంతంగా ఒక ఎస్టిమేషను రాయించుకోండి. వీడియో తీయండి. ఓనరు గారు మేస్త్రీని పెట్టి పని మొదలుపెట్టారంటే, ముందు ఏ స్థితిలో ఉందో చెప్పడానికి మీ దగ్గర ఇక ఏమీ మిగలదు. మీరు బిగించుకున్న గ్రానైటు కౌంటరు, ఫ్యాను, అల్మారాలు ఇంకా అక్కడే ఉంటే అవీ ఇప్పుడే తీసుకోండి. బిగించిన వస్తువులను తీసుకుపోయే హక్కు స్వాధీనం మీ దగ్గర ఉన్నంతవరకే అని సెక్షన్ 108లోని (హెచ్) క్లాజు చెబుతుంది. తీసిన చోట గోడ, నేల ముందున్నట్టు సరిచేయాలి.

ఇప్పుడు అసలు సూత్రం. అదే సెక్షన్ 108లో (ఎం) క్లాజు ఉంది. అద్దెకున్నవారు ఆస్తిని తీసుకున్నప్పుడు ఎంత బాగుందో అంత బాగా ఉంచి, అలాగే తిరిగి ఇవ్వాలి. దీనికి రెండే మినహాయింపులు. ఒకటి, న్యాయమైన వాడకం వల్ల వచ్చే అరుగుదల. రెండు, మనిషి అడ్డుకోలేని శక్తి వల్ల వచ్చిన మార్పు. ఇల్లయినా షాపయినా గోడౌనయినా ఇదే లెక్క. అయితే ఈ సెక్షన్ మొదట్లోనే, ఇద్దరి మధ్యా ఇందుకు భిన్నమైన ఒప్పందం గాని స్థానిక ఆచారం గాని లేనప్పుడు ఇది వర్తిస్తుంది అని రాసి ఉంది. అందుకే మీ ఓనరు గారు అగ్రిమెంటులోని ఆ లైను పట్టుకున్నారు.

ఆ లైనుకు ఆయన అనుకుంటున్నంత బలం లేదు. పదకొండు నెలలకు రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న నమ్మకం మన దగ్గర బాగా పాతుకుపోయింది. ఆ సౌకర్యం చాలా రాష్ట్రాల్లో ఉంది, ఆంధ్రప్రదేశ్‌లో లేదు. 1999లో రిజిస్ట్రేషన్ చట్టంలోని సెక్షన్ 17కు మన రాష్ట్రం సవరణ చేసుకుంది. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి, గడువు ఎంతయినా సరే, స్థిరాస్తి లీజు పత్రాన్ని రిజిస్టరు చేయించాల్సిందే. అప్పటికి ఆంధ్రా, తెలంగాణా ఒకే రాష్ట్రం. రిజిస్టరు చేయని పత్రంలోని షరతులను కోర్టులో సాక్ష్యంగా తీసుకోవడానికి సెక్షన్ 49 అడ్డు వస్తుంది. మీరు అక్కడ అద్దెకున్నారు అనే విషయం చూపడానికి ఆ పేపరు పనికిరావచ్చు గాని, 'తీసుకున్న స్థితిలోనే' అన్న షరతును దాంతో నిలబెట్టుకోవడం ఆయనకు కష్టం. అప్పుడు మిగిలేది సెక్షన్ 108 ఒక్కటే, అందులో ఆ రెండు మినహాయింపులూ ఉన్నాయి. ఒకవేళ ఆ లైనును లెక్కలోకి తీసుకున్నా, వరద నష్టం కూడా అద్దెదారే భరించాలని అందులో ఎక్కడా లేదు.

కాబట్టి వైరింగు 60,000, షట్టరు 28,000 మీవి కావు. 2024 సెప్టెంబరు 1న బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. జనాన్ని పడవల్లో తరలించారు. అడ్డుకోలేని శక్తి అంటే ఏమిటో చెప్పమంటే ఇంతకన్నా మంచి ఉదాహరణ విజయవాడలో మరొకటి దొరకదు. ఆయన బిల్డింగుకు వరద వల్ల వచ్చిన నష్టం ఆయనదే, మీ సామానుకు వచ్చిన నష్టం మీదే. షట్టరు విషయంలో మాత్రం ఒక ప్రశ్నకు సిద్ధంగా ఉండండి. నీళ్లు తీశాక బురద కడిగి, గ్రీజు పెట్టించారా, లేక తుప్పు పట్టేదాకా వదిలేశారా అని ఆయన అడగవచ్చు. సొంత ఆస్తి అయితే మామూలు జాగ్రత్త ఉన్న మనిషి ఎలా చూసుకుంటారో అలా చూసుకోవాలని (ఓ) క్లాజు చెబుతుంది. అప్పట్లో షట్టరు సర్వీసు చేయించిన రసీదో ఫోన్‌పే చెల్లింపో ఉంటే వెతికి పెట్టుకోండి.

మీరు పెట్టిన 30,000 సంగతి ఇంకొంచెం చిక్కు. ఓనరు చేయించాల్సిన రిపేరును చెప్పినా చేయించకపోతే, అద్దెదారు చేయించుకుని అద్దెలో మినహాయించుకోవచ్చని (ఎఫ్) క్లాజులో ఉంది. కాని అందులో 'చేయించాల్సిన' అన్న మాట ఉంది. ఆస్తి బదిలీ చట్టం ప్రకారం, ఒప్పందం లేనప్పుడు, ఓనరు తన షాపుకు రిపేర్లు చేయించి తీరాలన్న సాధారణ బాధ్యత లేదు. చాలామందికి ఇది వింతగా అనిపిస్తుంది, నాకు కూడా ఇది న్యాయంగా తోచదు. మీకు ఇక్కడ ఆసరా ఆ వాట్సాప్ మెసేజి. 'మీరు చేయించుకోండి, తర్వాత లెక్క చూసుకుందాం' అన్నది ఒప్పుకున్నట్టుగా చదవడానికి మంచి వీలున్న మాట. ఆ ఫోను మార్చకండి, చాట్ చెరపకండి. కోర్టుదాకా వెళితే భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్‌తో దాన్ని దాఖలు చేయాలి. ఎలక్ట్రీషియన్ బిల్లు కూడా కావాలి. బిల్లు లేకపోతే ఆ ఎలక్ట్రీషియన్‌ను అడిగి, పాత తేదీ వేయించకుండా, 'ఫలానా నెలలో ఈ పని చేశాను, ఇంత తీసుకున్నాను' అని ఇవాళ్టి తేదీతోనే రాయించుకోండి. వెనకటి తేదీతో పుట్టించిన ఒక్క బిల్లు మీ నిజమైన కాగితాలన్నిటి మీదా అనుమానం తెస్తుంది.

రంగులు. హోటలు పెట్టుకోవడానికని తెలిసే ఆయన షాపు ఇచ్చారు. పొద్దున్నే పొయ్యి వెలిగించి, రోజంతా దోసె పెనం మీద నూనె కాగే చోట గోడకు మసి పట్టకుండా ఉండదు. ఏ పనికి ఇచ్చారో ఆ పనిని బట్టే న్యాయమైన వాడకం కొలవాలి. బట్టల షాపు గోడ నల్లబడితే అడగవచ్చు, హోటలు గోడ నల్లబడితే అలా కాదు. పొగ బయటికి పోవడానికి మీరు ఫ్యాను పెట్టించారు, అంటే అశ్రద్ధ కూడా లేదు. పైగా ఆరేళ్లు దాటిన రంగు ఎలాగూ మళ్లీ వేయించాల్సిందే. అయితే ఖాళీ చేసేటప్పుడు ఒక నెల అద్దె రంగులకు పట్టుకోవడం మన ఊళ్లలో అలవాటు. సెక్షన్ 108 స్థానిక ఆచారాన్ని లెక్కలోకి తీసుకుంటుందని పైన చెప్పాను. మీ వీధిలో షాపులకు కూడా ఆ అలవాటు ఉంటే 25,000 దగ్గర రాజీ పడమనే నా సలహా. ఆచారం లేదని మీరు గట్టిగా చూపగలిగితే అదీ అక్కర్లేదు.

టైల్స్ దగ్గర ఎందువల్ల అన్న ప్రశ్నకు జవాబు మీవైపు తిరుగుతుంది. గ్రైండరు లాగినప్పుడు, గ్యాసు సిలిండర్లు దొర్లించినప్పుడు పగిలినవి మీ పనివాళ్ల చేతుల్లో పగిలినవే. పనివాళ్లు చేసిన నష్టానికి కూడా అద్దెదారే బాధ్యులని (ఎం) క్లాజు స్పష్టంగా చెబుతుంది. వాళ్లు ఇప్పుడు పని మానేసి వెళ్లిపోయారని మీరు అన్నా అది జవాబు కాదు. కాని ఆయన వంటగది మొత్తం కొత్త టైల్స్‌కు లెక్క వేశారు. పగిలినవి ఎన్నో లెక్కపెట్టండి. కాంట్రాక్టు చట్టం, 1872లోని సెక్షన్ 73 నష్టం పూడ్చమంటుందేగాని, ఆరేళ్లు వాడిన నేలను మీ డబ్బుతో కొత్తది చేయించుకోమని అనదు. పగిలిన టైల్స్, వాటి కూలీ, అందులో వయసు తరుగు పోను ఎంతవుతుందో మేస్త్రీ చేత రాయించండి. అదే రంగు టైల్స్ ఇప్పుడు దొరకవని ఆయన అంటారు. అది కొంతవరకు న్యాయమైన మాట, దాన్ని బట్టి కొంచెం పెంచి ఒప్పుకోండి. మీ ఉత్తరంలో ఎన్ని పగిలాయో రాయలేదు. మూడో వంతు పగిలాయనుకుంటే 12,000 దాటకూడదు.

డ్రైనేజీ 18,000 గురించి మొహమాటం లేకుండా చెబుతాను, అది మీదే. వాడిన నూనె, అట్లపిండి, గిన్నెల జిడ్డు నేరుగా పైపులోకి వెళితే గడ్డకట్టి మూసుకుపోతుంది. జిడ్డు ఆపే చిన్న తొట్టి కట్టించడం, జాలీ పెట్టడం హోటలు నడిపేవారి పని. ఇది వాడకం వల్ల వచ్చే అరుగుదల కిందికి రాదు. ఆయన ఇన్నేళ్లలో ఒక్కసారీ వచ్చి లోపం చూపించి నోటీసు ఇవ్వలేదనీ, ఇచ్చి ఉంటే మూడు నెలల్లో సరిచేసేవాళ్లమనీ మీరు అనవచ్చు. చట్టంలో ఆ మూడు నెలల గడువు ఉన్నమాట నిజమే. అయినా చివర్లో బాగా ఉన్న స్థితిలో అప్పగించే బాధ్యత నోటీసు ఇవ్వనంత మాత్రాన పోదు. పైపు మార్చిన బిల్లు చూపమని అడగండి, చూపితే ఇచ్చేయండి.

నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది మధ్యగోడ. ఓనరు బిల్డింగును కూల్చడం గాని దెబ్బతీయడం గాని చేయకూడదని (ఓ) క్లాజులో ఉంది. ఆయన వచ్చి చూశారన్నారు. చూసి ఊరుకోవడం, ఒప్పుకోవడం ఒకటే అని కోర్టు అనవచ్చు, అనకపోవచ్చు. ఆ రోజు పని చేసిన మేస్త్రీ దొరికితే, ఆయన ముందు ఓనరు గారు ఏమన్నారో ఆయన చేత చెప్పించగలిగితే మీ వాదన నిలుస్తుంది. మీ హోటల్లో జనం కూర్చునే చోటు పెరిగిందని చెప్పి ఆయన అద్దె పెంచి ఉంటే అది ఇంకా బలమైన సాక్ష్యం, గుర్తు చేసుకోండి. రెండో విషయం, ఆ గోడ ఎంత మందం? నాలుగున్నర అంగుళాల అడ్డుగోడ అయి, బిల్డింగు బరువంతా పిల్లర్లూ బీములూ మోస్తుంటే, నష్టం ఇటుకల ఖర్చు వరకే. తొమ్మిదంగుళాల గోడ అయి, పైన స్లాబు దాని మీదే కూర్చుని ఉంటే మాత్రం ఇది డబ్బు గొడవ కాదు, పైన ఉన్న మనుషుల ప్రాణాల సంగతి. ఆ అనుమానం ఏ కొంచెం ఉన్నా, ఓనరుతో తగాదా ఉన్నా సరే, ఈ వారంలోనే స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించండి. మామూలు అడ్డుగోడే అయితే, రంధ్రం పూడ్చడంతో కలిపి మీ మేస్త్రీ ఎంత చెబితే అంత. 40,000 ఎక్కువగా కనిపిస్తోంది, 25,000 అనుకుందాం.

ఆ కట్టని సెప్టెంబరు అద్దె. నీళ్లలో మునిగిన షాపుకు అద్దె ఏమిటని మీకు అనిపించడం సహజం. కాని చట్టం ఇక్కడ కఠినంగా ఉంది. వరదకో మంటలకో ఆస్తిలో ముఖ్యభాగం పూర్తిగా నాశనమైతే, లేదా శాశ్వతంగా పనికిరాకుండా పోతే, లీజును రద్దు చేసుకునే హక్కు అద్దెదారుకు ఉందని (ఈ) క్లాజు చెబుతుంది. అంటే వదిలేసి వెళ్లవచ్చు. ఉండిపోతే అద్దె కట్టాలి. కరోనా లాక్‌డౌన్ సమయంలో ఢిల్లీ ఖాన్ మార్కెట్‌లో ఒక షాపు అద్దెదారులు అద్దె ఆపమని కోరితే, 2020 మేలో ఢిల్లీ హైకోర్టు ఒప్పుకోలేదు. షాపు తాత్కాలికంగా మూతపడటం అద్దె మాఫీకి కారణం కాదంది. మీరు నీళ్లు తగ్గాక మళ్లీ అక్కడే హోటలు తెరిచారు. ఆయన మానవత్వంతో వదిలేస్తే సంతోషం, వదలకపోతే ఆ 25,000 మీ బాకీ.

ఇప్పుడు కూడి చూడండి. రంగులకు 25,000, టైల్స్‌కు 12,000, గోడకు, రంధ్రానికి 25,000, డ్రైనేజీకి 18,000, అద్దె 25,000. మొత్తం 1,05,000. అడ్వాన్సులో అది పోను మీకు రావలసింది 45,000. వాట్సాప్ మెసేజి నిలబడి మీ 30,000 కలిస్తే 75,000. గోడకు ఆయన సమ్మతి ఉందని చూపగలిగితే ఇంకా పెరుగుతుంది. నోటీసు గడువు అద్దె ఒప్పుకోవాల్సి వస్తే కొంత తగ్గుతుంది. ఇవి నా అంచనాలు, మీ మేస్త్రీ రాసిచ్చే అంకెలు వచ్చాక వాటినే పెట్టుకోండి.

ఈ లెక్కను పద్దుల వారీగా ఒక పేజీలో రాసి ఓనరు గారికి ఇవ్వండి. ఒప్పుకునేవి ఒప్పుకుంటున్నామని మొదటే రాయండి. డ్రైనేజీ, అద్దె ఒప్పుకున్నవారు వైరింగు కాదంటే వినే మనిషి వింటారు. కలిసి షాపులో నిలబడి ఒక గంట మాట్లాడుకోండి, ఇద్దరికీ తెలిసిన పెద్దమనిషి ఒకరు ఉంటే ఇంకా మంచిది. అలా కుదరకపోతే కోర్టుకన్నా ముందు న్యాయసేవల సంస్థకు వెళ్లండి. కేసు వేయకముందే తగాదాను లోక్ అదాలత్‌కు పంపమని అర్జీ పెట్టుకోవచ్చు, కోర్టు ఫీజు ఉండదు. అక్కడ రాజీ కుదిరితే ఆ అవార్డుకు, అంటే లోక్ అదాలత్ రాసిచ్చే నిర్ణయానికి, సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. అదీ కాకపోతే సివిల్ దావా. వాణిజ్య కోర్టుల చట్టం మూడు లక్షలకు తక్కువైన తగాదాలకు వర్తించదు కాబట్టి మీది వాణిజ్య కోర్టు దావా కాదు. దానికి గడువు మూడేళ్లు. ఆయన ముందు దావా వేస్తే భయపడకండి. షాపు స్థితి చూసి రిపోర్టు ఇవ్వడానికి అడ్వకేటు కమిషనర్‌ను నియమించమని మీరు కోరవచ్చు.

కొత్త షాపుకు కూడా పదకొండు నెలల పేపరే రాసుకున్నారేమో. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్టరు చేయించుకోండి. అందులో వరద, మంటలు, షార్ట్ సర్క్యూటు ఎవరి ఖాతానో వేర్వేరుగా రాయించండి. మీ సిలిండరు వల్ల మంటలు లేస్తే అది అడ్డుకోలేని శక్తి కాదు, మీ బాధ్యతే. ఓనరు బీమా కంపెనీ ఆయనకు డబ్బు ఇచ్చి, దాన్ని మీ దగ్గర వసూలు చేసుకోవడానికి రావచ్చు. కాబట్టి బిల్డింగుకు ఆయన, సామానుకు మీరు బీమా చేయించుకోవడంతోపాటు, ఇతరుల ఆస్తికి మీ వల్ల జరిగే నష్టానికి కవరు ఉందో లేదో ఏజెంటును విడిగా అడగండి. చిన్న వ్యాపారాలకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే పాలసీ 2021 నుంచి ఉంది, వరద కూడా అందులో వస్తుంది. సామాను దింపేముందే ఖాళీ షాపును, టైల్స్ దగ్గర్నుంచి, షట్టరు దాకా ఫొటోలు తీసి, అదే రోజు ఓనరుకు పంపి, 'సరే' అన్న జవాబు తెప్పించుకోండి.